ఆ గురువారం గాలి

రేవులో మా పెదనాన్న జెఫానియాస్ మాటకు గడియారం కన్నా ఎక్కువ విలువ. ముప్ఫై ఏళ్లకు పైగా మా ఊరు ఇన్యంబానే నుంచి అఖాతానికి అవతలి గట్టున ఉన్న మషీషెకి తెరచాప పడవ నడిపాడు. మోటారు లాంచీల సరంగులు కూడా బయలుదేరే ముందు ఒకసారి ఆయన వైపు చూసేవాళ్లు. ఆయన తలెత్తి, రెండుసార్లు గాలి పీల్చి, "కానీండి" అంటే తాళ్లు విప్పేవాళ్లు. "ఉండండి" అంటే పెళ్లివారైనా సరే, రేవు గోడ మీద కమలాలు ఒలుచుకుంటూ కూర్చోవాల్సిందే.

అలాంటి మనిషికి ఒక బలహీనత ఉండేది. మా ఊరికి వచ్చినవాళ్లు వెళ్లిపోతుంటే చూడలేడు.

దేశం పొడుగునా పరిగెత్తే పెద్ద రోడ్డు మషీషె మీదుగా పోతుంది. బస్సులు, లారీలు, దుమ్ము, అరుపులు అన్నీ ఆ గట్టునే. ఇటు రావాలంటే రోడ్డును వదిలి నీళ్లు దాటాలి. చుట్టూ తిరిగి వచ్చే దారి ఉంది గానీ, ఆ రోజుల్లో దాని మీద బండి ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. అందుకని తొందరలో ఉన్నవాళ్లు మా ఊరికి రారు. వచ్చినా రెండో రోజుకి తొందర సంగతి మరిచిపోతారు. పాటు వేళ నీళ్లు మైలు దూరం వెనక్కి పోతే, ఆడవాళ్లు కట్టుగుడ్డ మోకాళ్ల పైకి దోపుకుని బురదలో గుల్లలు ఏరుతుంటారు. పోటు రాగానే అదే చోట పడవలు తేలుతుంటాయి. మధ్యాహ్నం ఎర్రపూల చెట్ల కింద కుక్కలూ పోలీసులూ ఒకే నీడలో నిద్రపోతారు. దారి అడిగితే చెప్పి ఊరుకోం, వెంట వెళ్లి దిగబెట్టి వస్తాం. ఎవరికైనా "లేదు", "కాదు" అని మొహం మీద చెప్పడం మాకు చేతకాదు. దాన్ని మేం మంచితనం అనుకుంటాం.

పెదనాన్న ఇంటి పెరట్లో రేకుల గది ఒకటి ఉండేది. రెండు రోజులకని వచ్చినవాళ్లు అందులో దిగేవాళ్లు. వెళ్తామన్న రోజు పొద్దున్నే పెదనాన్న మొహం బరువుగా పెట్టి, "ఇవాళ నీళ్లు బాగాలేవు. రేపు చూద్దాం" అనేవాడు. అప్పుడు నీళ్లు పళ్లెంలో పోసినట్టు కదలకుండా ఉండేవి. వచ్చినవాళ్లకు అదేం తెలుస్తుంది? సంచి మళ్లీ లోపల పెట్టుకునేవాళ్లు. బెయిరా నుంచి వచ్చిన గుడ్డల వ్యాపారి ఒకాయన అలా తొమ్మిది రోజులు ఉండిపోయాడు. వెళ్లేటప్పుడు పెదనాన్నను కావలించుకుని, "నీళ్లు బాగాలేకపోవడం నా అదృష్టం సరంగూ" అన్నాడు.

"సరంగట! కల్లు దుకాణం పెట్టుకోవాల్సినవాడు. ఇంకొక్క గ్లాసు, ఇంకొక్క గ్లాసు అంటూ జనాన్ని కూర్చోబెట్టేవాడు" అనేది మా రబేకా పెద్దమ్మ. రేవంతా ఈ సంగతి తెలుసు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని.

ఒతీలియా వచ్చింది ఒక సోమవారం. దేశంలో అంతర్యుద్ధం ఆగిపోయి ఆరేళ్లయింది, నాకు పదకొండేళ్లు. ఆమెకు ఇరవై ఉంటాయేమో. ఉత్తరాన షిమోయో అవతల కొండల్లోని పల్లె వాళ్లది. రాజధాని మపూటోలో నర్సు చదువుకు సీటు వచ్చింది. బస్సులో వెళ్తూ వెళ్తూ, పుట్టాక సముద్రం చూడలేదని మషీషెలో దిగి, నీళ్లు దాటి ఇటు వచ్చింది. మొదటి రోజు పడవ దిగిన చోటే, చెప్పులు చేత్తో పట్టుకుని, చీకటి పడేదాకా నిలబడింది. "ఏవమ్మా, సముద్రం ఎక్కడికీ పోదు, వచ్చి అన్నం తిను" అని పెద్దమ్మ వెళ్లి పిలుచుకొచ్చింది.

రెండు రోజుల్లో ఆమె మా ఇంటి మనిషైపోయింది. పెదనాన్నని బాబాయ్ అనీ, పెద్దమ్మని పిన్నీ అనీ పిలిచేది. బుధవారం సాయంత్రం పెద్దమ్మ కర్రపెండలం ఆకు దంచి, వేరుశనగ పొడి, కొబ్బరిపాలు పోసి, పీతలేసి వండింది. ఒతీలియా వేళ్లు నాక్కుంటూ అంది:

"ఇంకొక్క రోజు ఉంటే ఎంత బాగుండును పిన్నీ!"

"ఉండు, ఎవరొద్దన్నారు?" అన్నాడు పెదనాన్న.

"శుక్రవారం లోపల కాగితాలు ఇచ్చెయ్యాలి బాబాయ్. రేపు పొద్దున బస్సెక్కితే రాత్రికి దిగుతా. శుక్రవారం పొద్దున్నే వెళ్లి ఇచ్చేస్తా."

"శుక్రవారం అంటే సోమవారం అనే అర్థం. ఆఫీసు వాళ్లు ఎక్కడికి పోతారు?"

మా ఊళ్లో నిజంగానే అంతే. ఆఫీసు తలుపు మూసేసి ఉంటే గుమాస్తా ఇంటికి వెళ్తాం. ఆయన భోజనం ముగించి, చొక్కా తొడుక్కుని, తాళం చెవి తీసుకుని వస్తాడు. గడువు దాటిందని ఎవరి కాగితమూ వెనక్కి పోవడం పెదనాన్న తన జన్మలో చూడలేదు.

గురువారం పొద్దున నేను పెరట్లో కోరుడు పీట మీద కూర్చుని కొబ్బరి కోరుతున్నాను. లాంచీలు ఆ వారం మరమ్మతులో ఉన్నాయి. తెరచాప పడవలే దిక్కు. ఒతీలియా సంచి భుజాన వేసుకుని బయటికి వచ్చింది. పెదనాన్న ఆకాశం వైపు చూశాడు. నిండుగా గాలి ఉంది, కొబ్బరాకులన్నీ ఒకే వైపు వంగి ఉన్నాయి.

"ఇవాళ వీలవదు తల్లీ. గాలి లేదు, నడిమధ్యలో ఆగిపోతాం. రేపు నేనే దగ్గరుండి బస్సెక్కిస్తా" అన్నాడు.

"ఆకులు కదులుతున్నాయి కదా బాబాయ్?"

"అది పైగాలి. చాపకు అందదు."

అని నా వైపు తిరిగి కన్ను కొట్టాడు. నేను కొబ్బరి చిప్ప వెనక మొహం దాచుకుని నవ్వాను.

ఆ పూట ఆమె మాతో గుల్లలు ఏరడానికి వచ్చింది. నీళ్ల మీద నాలుగు తెల్ల తెరచాపలు మషీషె వైపు పోతున్నాయి. ఒతీలియా నడుం నిలబెట్టి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఆ పడవలు ఎటు పోతున్నాయే చిన్నీ?"

"చేపలకి" అన్నాను.

శుక్రవారం పెదనాన్న మాట ప్రకారం దగ్గరుండి బస్సెక్కించాడు. బుధవారానికి ఒతీలియా తిరిగి వచ్చింది. సీటు వరసలో తర్వాత ఉన్న పిల్లకి ఇచ్చేశారట. శుక్రవారం అంటే అక్కడ శుక్రవారమేనట.

"వచ్చే ఏడు చూద్దువులే" అన్నాడు పెదనాన్న.

"ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్లను బాబాయ్? కొన్నాళ్లు ఇక్కడ ఉంటాను" అంది.

అలా ఉండిపోయింది. మరుసటి ఏడు కాగితాలు పెట్టుకుంటే వయసు దాటిందన్నారు. మా ఆరోగ్య కేంద్రంలో పనికి కుదిరింది. నర్సుగా కాదు. నర్సు పక్కన నిలబడి, బిడ్డల్ని తూకం వేసి, కార్డు మీద అంకె రాసే పని. వడ్రంగి అర్మిందోని పెళ్లి చేసుకుంది. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. ఆమెకు ఈత వచ్చింది, మా భాష వచ్చింది, కొబ్బరికల్లుతో పిండి పులియబెట్టి రొట్టె చెయ్యడం పెద్దమ్మ కన్నా బాగా వచ్చింది.

ఆమె కథ మా ఊరి కథైపోయింది. కొత్తవాళ్లు ఎవరు దిగినా రేవులో ఎవరో ఒకరు, "అదుగో, ఆ తెల్లకోటు ఆవిడ లేదూ, రెండు రోజులకని వచ్చింది. ఒక్క రోజు గాలి ఆగింది, అంతే, మా ఊరు పట్టేసుకుంది" అని చెప్పేవాళ్లు. ఒతీలియా కూడా నవ్వుతూ, "అవును, ఆ గాలి చేసిన పనే" అనేది. పక్కన పెదనాన్న ఉంటే తాడు ముడి విప్పుతూనో, పడవలో నీళ్లు తోడుతూనో ఉండేవాడు. ముడి లేకపోయినా విప్పేవాడు. ఆ గురువారం తర్వాత రేకుల గదిలో దిగినవాళ్లెవరినీ ఆయన ఉండమనలేదు. వాళ్లు అడక్కముందే, "ఇవాళ గాలి బాగుంది, బయల్దేరండి" అనేవాడు. "ఏంటయ్యా, తరిమేస్తున్నావ్? వయసు మీద పడ్డాక మనుషులంటే విసుగొచ్చిందా?" అని పెద్దమ్మ వేళాకోళం చేసేది. ఆమెకు ఆ గురువారం సంగతి తెలియదు. ఆ పొద్దున ఆమె బజారులో ఉంది. నాకు తెలుసని పెదనాన్నకు తెలుసు. మేమిద్దరం ఒంటరిగా ఒక గదిలో కూర్చోవడం మానేశాం. ఎవరూ మానమనలేదు, దానంతటదే ఆగిపోయింది.

తొమ్మిదేళ్ల తర్వాత ఒతీలియాకి మూడో కాన్పులో మగబిడ్డ పుట్టాడు. పేరు జెఫానియాస్ అంది.

మాలో పేరు పెట్టడం చిన్న విషయం కాదు. ఎవరి పేరు పెడితే ఆ బిడ్డ ఆ మనిషే. తన అమ్మ పేరు పెట్టుకున్న కూతుర్ని తండ్రి "అమ్మా" అనే పిలుస్తాడు, ఆమె ముందు గొంతు పెంచడు. పేరిచ్చిన మనిషి బతికి ఉంటే వాళ్లిద్దరూ పేరుతోళ్లు, ఒకే పేరు పంచుకున్నవాళ్లు. పేరిచ్చినవాడు బిడ్డను ఒడిలో పడుకోబెట్టుకుని, నేల మీద కాసిని నీళ్లు పోసి, "నా పేరు నీకిచ్చాను, నీ దగ్గరా నీ అమ్మ దగ్గరా నా కడుపులో దాచుకున్నదేమీ లేదు" అని నలుగురూ వినేట్టు అనాలి. పెదనాన్న కోడిపెట్టను తెచ్చాడు, కొత్త గుడ్డ తెచ్చాడు, నీళ్లు పోశాడు. మాటలు మాత్రం గొణిగి లేచిపోయాడు. కళ్లు తుడుచుకుంటున్నాడు కాబట్టి ఆనందం అనుకున్నారు.

ఆ రోజు నుంచి ఒతీలియా బిడ్డనీ బాబాయ్ అనే పిలవడం మొదలుపెట్టింది. పెద్దమ్మ సంబరానికి హద్దు లేదు. "ఏం మొగుడూ, పాలు తాగావా? ముసలి మొగుడు నాకు పనికిరాడు, నువ్వే కావాలి" అని బిడ్డ బుగ్గ గిల్లేది.

బిడ్డ ఏడవడం మొదలుపెట్టాడు. పొద్దున ఏడుపు, మధ్యాహ్నం ఏడుపు. పాలు పట్టినా ఏడుపు, ఎత్తుకుని తిప్పినా ఏడుపు. నెల దాటింది. ఒతీలియా కళ్ల కింద నల్లగా దిగిపోయింది. తూకం వేసేటప్పుడు ఒక తల్లి కార్డు మీద మరో బిడ్డ బరువు రాసి మాట పడింది.

వాళ్ల వీధిలో సకీనా అవ్వ అని పెద్దావిడ ఉండేది. సగం ఊరికి పురుడు పోసింది. ఒక ఆదివారం వచ్చి బిడ్డను తిప్పి తిప్పి చూసింది. ఆ రోజు అర్మిందో ఇంటి ముందు పెద్దమ్మ, పెదనాన్న, నేను కూడా ఉన్నాం.

"వీడి మీద పేరు కూర్చోలేదు" అంది అవ్వ.

"ఆస్పత్రిలో గ్యాసన్నారవ్వా, చుక్కలిచ్చారు" అన్నాడు అర్మిందో.

"గ్యాసు నీకూ ఉంది. పక్కింటికి వినబడుతుంది. నువ్వేడుస్తున్నావా?"

అందరూ నవ్వారు. అర్మిందో కూడా. అవ్వ నవ్వలేదు. పెదనాన్న వైపు తిరిగింది.

"ఏం సరంగూ, పేరుపెట్టిన రోజు నువ్వు మాటలు మింగేశావు. నా చెవులు మందమైనా కళ్లు బాగానే ఉన్నాయి. నీ పెదాలు సగంలో ఆగాయి. ఇప్పుడు అందరిముందూ సరిగ్గా చెప్పు. పేరు కూర్చుంటుంది, బిడ్డ పడుకుంటాడు, మేమూ ఇళ్లకు పోతాం."

ఒతీలియా బిడ్డను తెచ్చి పెదనాన్న ఒడిలో పెట్టింది. "చెప్పు బాబాయ్, నిద్రలేక చస్తున్నాను" అంది, అలసటతో నవ్వుతూ. అర్మిందో చెంబుతో నీళ్లు తెచ్చాడు. పెదనాన్న చెంబు అందుకున్నాడు. నీళ్లు పొయ్యలేదు.

"నేను చెప్పలేనమ్మా" అన్నాడు.

"ఏం? మర్చిపోయావా?" అంది పెద్దమ్మ. "నేనందిస్తా. నా పేరు నీకిచ్చాను..."

"మర్చిపోలేదే. ఆ మాట అబద్ధమవుతుంది."

ఆయన చెంబు కింద పెట్టాడు. తల ఎత్తకుండా బిడ్డతోనే చెప్పుకున్నట్టు చెప్పాడు. ఆ గురువారం గాలి ఉందనీ, నిండుగా ఉందనీ, తాను లేదన్నాననీ. ముందు వాళ్లందరికీ చెప్పినట్టే సరదాగా చెప్పాననీ. ఆమె తిరిగొచ్చిన రోజే చెబుదామనుకుని, ఆ రోజు కాక మర్నాడనీ, మర్నాడు కాక పెళ్లయ్యాకనీ, ఇలా తొమ్మిదేళ్లు లాక్కొచ్చాననీ.

బిడ్డ ఏడుస్తూనే ఉన్నాడు. ఒతీలియా ముందుకు వంగి వాణ్ణి తీసేసుకుంది.

"గాలి ఉందా?" అంది.

"ఉంది తల్లీ."

"ఎవరైనా దాటారా ఆ రోజు?"

"అందరూ దాటారు."

"మరి ఎందుకు?"

"నువ్వే అన్నావు కదమ్మా ముందు రోజు, ఇంకొక్క రోజుంటే బాగుండునని. ఆ ఒక్క రోజూ ఇద్దామనిపించింది."

"ఎవరిది తీసి ఎవరికిచ్చావు?"

ఒతీలియా గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండుననిపించింది నాకు.

"నేను ఇన్నేళ్లూ గాలిని తిట్టుకోలేదు. నన్నే తిట్టుకున్నాను. ఎవరు ఆగమన్నారు, ఎవరు సముద్రం చూడమన్నారు, పని మీద పోయేదానివి తిన్నగా పోకుండా మధ్యలో దిగడమేంటని. మా నాన్న నా చదువు కోసం రెండు ఎడ్లు అమ్మాడు. నీళ్లు చూడ్డానికి ఆగిందట నా కూతురు అని అందరితో చెప్పి చెప్పి, మూడేళ్లకు పోయాడు. చావుకి వెళ్తే మా మేనమామ గుమ్మంలోనే అడిగాడు, సముద్రం బాగుందామ్మా అని. నాకు ఈ ఊరు ఇష్టం. పొద్దున లేచి నీళ్ల వైపు చూస్తే మనసు చల్లబడుతుంది. ఆ వెంటనే సిగ్గేస్తుంది. ఇష్టపడ్డ ప్రతిసారీ తప్పు చేసినట్టే ఉంటుంది. ఒక్కసారి, ఒక్క ముక్క చెప్పి ఉంటే..."

అప్పుడు నా నోటి నుంచి వచ్చేసింది.

"నేను కూడా అబద్ధం చెప్పాను. పడవలు చేపలకి పోతున్నాయని చెప్పింది నేనే."

ఆమె నా వైపు చూసింది. గుర్తు తెచ్చుకోవడానికి కొంచెం సేపు పట్టింది.

"చిన్నపిల్లవి" అంది. తర్వాత, "ఇప్పుడు కాదుగా" అంది.

పెద్దమ్మ మొగుడి వైపు ఎలా చూసిందో నేను రాయలేను. నలభై ఏళ్లుగా ఆ మనిషికి వండి పెట్టింది. ఆ రోజు కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది.

సకీనా అవ్వ కర్ర ఊతంతో లేచింది. "ఇంక పేరు ఉంచుకుంటావో తీసేస్తావో నీ ఇష్టమమ్మా. మధ్యలో మేమెవరం" అంది.

"తీసేస్తున్నా" అంది ఒతీలియా. "మా నాన్న పేరు పెడతా. మా ఇంట్లో పెడతా. నువ్వు రావాలి బాబాయ్. వచ్చి మా అమ్మకి నీ నోటితో చెప్పాలి. నేను చెబితే నమ్మదు, తప్పు కప్పుకుంటున్నాననుకుంటుంది." నా వైపు తిరిగి, "నువ్వూ రా" అంది.

ఈ సంగతి మధ్యాహ్నానికి రేవు చేరింది. చేరవేసింది పెదనాన్నే. తనే వెళ్లి ఒక్కొక్కరికీ చెప్పుకున్నాడు. ఎవరూ తిట్టలేదు. అది ఆయనకు మరీ కష్టమైంది.

"ఎందుకు చెప్పావయ్యా? ఎంత మంచి కథ!" అన్నాడు లాంచీ సరంగు. "ఇప్పుడు వచ్చినవాళ్లకి మేమేం చెప్పాలి?"

"అయినా ఆ పిల్ల ఇక్కడ సుఖంగానే ఉందిగా" అంది గుల్లలమ్మే ఆవిడ. "నువ్వు మేలే చేశావు, పో."

"అలా అనకు" అన్నాడు పెదనాన్న. "తొమ్మిదేళ్లు ఆ ముక్కే నాకు నేను చెప్పుకున్నా."

మూడో రోజు బయల్దేరాం. పెదనాన్న తన జన్మలో మషీషె బస్టాండు దాటి వెళ్లలేదు. ఒతీలియా బిడ్డతో ముందు సీట్లో కూర్చుంది. మేమిద్దరం వెనక. ఎంత పోటులోనూ వాంతి ఎరగని మనిషి, బస్సులో గంటకే కిటికీలోంచి తల బయటపెట్టాడు. సావే నది వంతెన దాటాక నీళ్లు కనబడడం ఆగిపోయింది. పొదలు, ఎర్రమట్టి, బొగ్గు బస్తాలు అమ్మేవాళ్లు. "గాలి ఎటు నుంచో తెలియట్లేదే" అన్నాడు ఒకసారి, నాతో కాదు. నేను మంచినీళ్ల సీసా ఇచ్చాను. తొమ్మిదేళ్లలో మేం అంతసేపు పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు. చెప్పుకోవడానికి మా దగ్గర ఉన్నది ఒకటే మాట. అది చెప్పేశాం కాబట్టి ఇంకేమీ లేదు. ఒతీలియా దారి పొడుగునా వెనక్కి తిరగలేదు. బిడ్డ మాత్రం ఆమె భుజం మీంచి మమ్మల్ని చూస్తూ ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు.

రెండో రోజు మధ్యాహ్నానికి చేరాం. కొండల మధ్య మట్టి ఇల్లు, చుట్టూ మొక్కజొన్న. ఒతీలియా వాళ్లమ్మ సన్నగా, నిటారుగా ఉంది. కూతుర్ని చూసింది, బిడ్డను అందుకుంది. వాడికి తాత పేరని చెప్పగానే ఒక్క క్షణం కళ్లు మూసుకుని తెరిచింది. పెదనాన్నకు ముక్కాలి పీట వేసింది. మాకు జొన్నముద్ద, చిక్కుడాకు కూర పెట్టింది. ఎవరు, ఎందుకొచ్చారని అడగలేదు. దారిన వచ్చినవాళ్లు తినేదాకా అడగరు.

పెదనాన్న తినలేదు. పళ్లెం పక్కన పెట్టి, నేల మీదకు దిగి కూర్చుని, చేతులు ఒకదాని మీద ఒకటి తట్టి, ఒతీలియా నేర్పినట్టు వాళ్ల పద్ధతిలో దణ్ణం పెట్టాడు. చెప్పాడు. ఆయన మాటను ఒతీలియా వాళ్ల భాషలోకి మార్చింది. మారుస్తూ ఒక్క ముక్క తగ్గించలేదు, ఒక్క ముక్క పెంచలేదు. నా వంతు వచ్చినప్పుడు నేనూ చెప్పాను.

ముసలామె అంతా విని, బిడ్డను ఒక మోకాలి మీంచి ఇంకో మోకాలి మీదకి మార్చుకుంది.

"ఆ ఎడ్లలో ఒకదాని పేరు మంత్రి" అంది. "ఇంకోదాని పేరు నిదానం. పేరుకే నిదానం, కాడి కట్టాక ముందు నడిచేది అదే. అవి పోయాక మేమిద్దరం పారతో తవ్వుకున్నాం, మూడేళ్లు. నువ్వెప్పుడైనా కొండచరియ తవ్వావా?"

"లేదమ్మా."

"పడవవాడివి, నీకేం తెలుస్తుంది." కోపంగా అనలేదు. తెలియని సంగతి తెలియదన్నట్టు అంది. తర్వాత కూతురి తల మీద చెయ్యి వేసి, వేళ్లతో జుట్టు పాయలు తీస్తూ కూర్చుంది. ఒతీలియా అప్పుడేడ్చింది. బస్సులో గానీ, ఆ ఆదివారం గానీ ఏడవలేదు.

చాలాసేపటికి ముసలామె పెదనాన్న వైపు చూసింది.

"నాకు చెప్పావు, బాగుంది. కానీ నా కూతుర్ని అన్ని మాటలన్నది నేను కాదు, మా ఆయన. ఆయనకి చెప్పు."

ఆయన సమాధి ఎటువైపు ఉందోనని పెదనాన్న చుట్టూ చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపి, ఒడిలో బిడ్డను నిలబెట్టి, వాడి మొహం ఆయన వైపు తిప్పింది. నెలన్నర బిడ్డ. తల నిలవదు. ఆమె అరచేత్తో మెడ పట్టుకుంది.

"ఇదుగో, ఇంట్లోనే ఉన్నాడు. ఏమయ్యా, నీ కోసం సముద్రం నుంచి వచ్చారు. విను." పెదనాన్నతో, "దగ్గరికి రా. కాస్త గట్టిగా చెప్పు. ఆయనకి చెవుడు" అంది.

పెదనాన్న మోకాళ్ల మీద ముందుకు జరిగాడు. ఒతీలియా కళ్లు తుడుచుకుని, మళ్లీ వాళ్ల భాషలోకి మార్చడానికి సిద్ధంగా అటు తిరిగి కూర్చుంది.

"అయ్యా" అన్నాడు, రేవులో ఒక పడవ నుంచి ఇంకో పడవకి వినబడే గొంతుతో. "ఆ గురువారం గాలి ఉంది."